దొరకనివారి గడి

జాబితాలో ఆమె పేరు పక్కన
మూడుసార్లు నేనే రాశాను: దొరకలేదు.
నా చేతిరాతే. గుండ్రంగా, నిశ్చింతగా.
మొదటిసారి ఇసుక గాలి.
రెండోసారి డీజిల్ లేదు.
మూడోసారి, నిజం చెప్పాలంటే,
అసలు బయల్దేరనే లేదు.

కాలేయం జబ్బుల మీద పరిశోధన మాది.
తారు రోడ్డు పక్కనున్న వాళ్ళ రక్తం
నాలుగు వందల సీసాల్లో
ఫ్రిజ్‌లో బుద్ధిగా నిలబడి ఉంది.
ఖాళీ గళ్ళు మాత్రం
గోబీ పొడవునా మిగిలాయి.

నాలుగోసారి జీపు మంచులో కూరుకుపోయింది.
డ్రైవరు లుండెగ్ దాన్ని ఏడు తరాలూ ఎత్తి తిడుతుంటే
రెండు మూపుల ఒంటె మీద ఒక ముసలావిడ వచ్చి
ఏమీ అడక్కుండా తాడు విసిరింది.
బండి బయటపడ్డాక అడిగింది: ఎవరికోసం?
పేరు చెప్పాను.
"నేనే," అంది ఖోర్లో.
"నిన్నటి నుంచీ చూస్తున్నా మీ బండి తిరగడం.
పాపం, దారి తప్పారనుకున్నా."

కంబళి గుడారం. ఎండుపేడ నిప్పు.
ఉప్పు వేసిన పాల టీ నా చేతిలో పెట్టి
"ఇప్పుడడుగు" అంది.

ఇంటి నంబరు?
కోడలు సోలొంగో నవ్వాపుకోలేక
మేకపిల్ల మెడలో మొహం దాచుకుంది.
ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు?
"ఏ రుతువులో?" అంది ఖోర్లో.
ఆ మాట పట్టే గడి నా కాగితంలో లేదు.

సూది తీశాను.
ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మూడేళ్ళ కింద మా ఆయన దగ్గరా తీసుకెళ్ళారు.
నీలాంటి పిల్లే. ఎర్ర మూత సీసా.
ఆయన పట్నం మొహం ఎరగడు,
ఆయన రక్తం చూసొచ్చింది.
కాదులే, రాలేదు. అక్కడే ఉండిపోయింది.
ఏం చెప్పిందో మాకు కబురు లేదు.
ఆ వసంతంలో కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది.
గొర్రెలు ఈనే రోజుల్లో పోయాడు,
నాకు ఏడవడానికి కూడా తీరిక లేనప్పుడు."

కాసేపు నిప్పు ఎగదోసింది.

"మేం దొరకమని రాసుకుంటారటగా?
ఉన్ని బేరగాడికి దొరుకుతాం.
బ్యాంకు కుర్రాడు తుఫానులో కూడా
మా గుమ్మం ఎటుందో తడుముకోడు."

లుండెగ్ టీ గిన్నెలోకి చూస్తున్నాడు.
నోరు జారింది వాడే.

ఫలితం నేనే తెచ్చి ఇస్తానన్నాను.
"అను," అంది. "అనడానికి ఖర్చేముంది?"
అని, తానే చొక్కా చెయ్యి పైకి మడిచింది.

మాకిచ్చిన పెట్టె
రక్తాన్ని చల్లగా ఉంచడానికి చేసినది.
బయట మైనస్ ఇరవై ఆరు.
ఏ వెచ్చని గదిలో కూర్చుని కొన్నారో!
తెల్లారేసరికి సీసాలు పగులుతాయి.
ఖోర్లో నా మొహం చూసింది, పెట్టె చూసింది,
పదకొండు సీసాల్నీ ఉన్ని మేజోడులోకి దూర్చి
వేళకాని వేళ పుట్టిన నాలుగు మేకపిల్లల మధ్య
పడుకోబెట్టింది.
రాత్రంతా వాటి ఊపిరి విన్నాను.
మధ్యమధ్య ఆమె లేచి తడిమి చూడటం విన్నాను,
పిల్లల్నో, సీసాల్నో.

పొద్దున ప్రయాణమవుతుంటే
"నాదొక ప్రశ్న రాసుకో," అంది.
"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

కాగితంలో నలభై రెండు ప్రశ్నలు. అన్నీ మావే.
అంచున రాయబోయాను.
పెన్నులో సిరా గడ్డకట్టింది.
సోలొంగో తన కొడుకు పెన్సిల్ ముక్క తెచ్చిచ్చింది,
కొస కొరికి ఉంది.
రాశాను. ఆమె మాట ఆమె చెప్పినట్టే.

"తేదీ కూడా వెయ్యి," అంది ఖోర్లో.

బయట లుండెగ్
ఇంజను కింద మంట పెట్టి వేడి చేస్తున్నాడు.
పెన్సిల్ ముక్క నా వేళ్ళ మధ్యే ఉంది.